ఆరో గంజు

దిగుడు 61వ రోజు, ఒకటో షిఫ్టు

జహీరా ఈ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "అక్కా, ఏం ఏసినవ్, ఎంత ఏసినవ్, ఎంత వేడిల ఎంతసేపు ఉంచినవ్, అన్నీ రాయాలె" అంది. తొమ్మిదో గని క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళుగా రెండు వందల పన్నెండు మందికి కంటికొలతతో వండి పెడుతున్నదాన్ని. ఉప్పెంత వేశావని ఇంతవరకూ నన్నడిగిన మగాడు లేడు, ఆడది లేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు నేను వండబోయేది కూర కాదు, రాయి!

నాకే నవ్వొస్తోంది. లసుమక్క రాయి వండుతుందట!

సంగతి ఇది. మా అత్తమ్మ ఓదెవ్వ గాలి యంత్రం చెడిపోతోంది. ఆ యంత్రంలో రెండు గొట్టాలు, వాటి నిండా ఆవాలంత తెల్ల పూసలు. గనిలో గాలి ఒకవైపు నుంచి లోపలికి పోతే నత్రజనిని పూసలు పట్టేసుకుంటాయి, ఆక్సిజన్ రెండో వైపు నుంచి అత్తమ్మ ముక్కులోకి వస్తుంది. ఈ ఏడు గనిలో చెమ్మ ఎక్కువై పూసలు పాడయ్యాయి. కొత్తవి పైనుంచి రావాలి. ఎండాకాలం మేమంతా గనిలోకి దిగి బతకడాన్నే దిగుడంటాం. పైన ఇవాళ యాభై ఎనిమిది డిగ్రీలని గని మూతి దగ్గర బోర్డు మీద రాశారు. ఆ ఎండలో లారీ రాదు, మనిషీ రాడు. తొలకరి పడి, అందరం పైకెక్కి, రోడ్లు తెరిచేసరికి ఇంకో యాభై రోజులు. అత్తమ్మ అన్ని రోజులు ఆగదని డాక్టరమ్మ నన్నూ మా ఆయన రాజమల్లునూ విడిగా పిలిచి చెప్పింది. సిలిండర్లు రెండే ఉన్నాయి, అవి ప్రసవాల గదివి.

అప్పుడు జహీరా వచ్చింది. గనిలో రాళ్ళూ నీళ్ళూ పరీక్ష చేసే అమ్మాయి. "ఆ పూసలు జియోలైట్ అక్కా. మనమే చేస్కోవచ్చు. లెక్క నాకు తెల్సు, వంట నీకు తెల్సు" అంది.

అత్తమ్మ మూడో లెవెల్‌లో ముప్పై ఏళ్ళు పంపు ఆపరేటర్. పంపు మోత మీదుగా అరిచి అరిచి గొంతు గట్టిపడింది. తిట్టడం మొదలుపెడితే ఎక్కడా ఆగేది కాదు, మధ్యలో నేను జవాబు చెబుదామన్నా సందు దొరికేది కాదు. పెళ్ళైన కొత్తలో ఆ నోరు మూతపడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడది తలచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది. జహీరా యంత్రం మీద ఆక్సిజన్ నూటికి ఎంతుందో చూపే ముల్లు చూసి ఏదో అంకె రాసుకుంది. నాకు ముల్లు సంగతి తెలియదు. నేను మాటలు లెక్కపెడతాను.

అత్తమ్మ ఇవాళ ఊపిరికి ఐదు మాటలు.


దిగుడు 64వ రోజు, ఒకటో షిఫ్టు

మొదటి గంజు. బొగ్గు బూడిద ఆరు కిలోలు, సబ్బుల కోసం దాచిన కాస్టిక్ సోడా మూడు కిలోలు, నీళ్ళు ఇరవై లీటర్లు. గంజంటే మా వంటగిన్నె, ఇది మూత బిగించే పెద్ద ప్రెషర్ గంజు.

జహీరా వంద డిగ్రీల లోపలే ఉంచమంది. నేను ఊరుకుంటానా? రాయి కదా, సన్నటి సెగ మీద ఎప్పటికి ఉడుకుతుంది! బాయిలర్ దగ్గర ఉండేది మా ఆయనే. ఆవిరి పెంచమని సైగ చేశాను, పెంచాడు. నూట యాభై డిగ్రీలు, రెండు రోజులు.

ఇవాళ తెరిచాం. బూడిదరంగు పొడి. కాస్టిక్ అంతా పోయేదాకా కడగాలి. పోయిందో లేదో తెలియాలంటే కడిగిన నీళ్ళలో పసుపు కాగితం ముంచాలట, ఇంకా మిగిలి ఉంటే ఎర్రబడుతుందట. పసుపులో సున్నం పడితే పారాణి అవుతుందని నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నా వంటింటి పసుపే వీళ్ళ పరీక్ష అంటే ఎంత సంతోషమేసిందో! పదకొండు నీళ్ళు కడిగాను. తర్వాత పెనం మీద బాగా కాల్చి, చల్లార్చి, అరచేతిలో చిటికెడు పోసుకుని నీటిచుక్క వేశాను. మంచి రాయైతే నీటిని గబుక్కున మింగి సుర్రున వేడెక్కాలి. నా చెయ్యి చల్లగానే ఉంది.

జహీరా పొడిని తన గీతల పెట్టెలో పెట్టింది. అది పొడి మీదికి ఎక్స్‌రేలు పంపి, లోపలి అమరిక ఎలా ఉందో గీతల్లో చూపిస్తుంది. ఆ గీతలను పుస్తకంలో ఉన్నవాటితో పోలిస్తే రాయి పేరు దొరుకుతుంది.

"అక్కా, ఎంత వేడి పెట్టినవ్?"

"నువ్వు చెప్పినంతే."

"అబద్ధం. ఇది సోడలైట్. ఎక్కువ వేడిల ఎక్కువసేపు ఉంచితే గిదే వస్తది. దీనికి కిటికీలు మరీ చిన్నగుంటయ్, నత్రజని దూరది."

కిటికీలేంటని అడిగాను. అప్పుడు చెప్పింది. జియోలైట్ అంటే లోపలంతా గదులేనట, గదికీ గదికీ మధ్య కిటికీలట! మనకు కావలసింది ఎక్స్ అనే రకం, పెద్ద కిటికీలది. సిలికా, అల్యూమినా, సోడా, నీళ్ళు, ఇవే దినుసులు. పాళ్ళు మారినా, వేడి మారినా, సమయం మారినా అదే గంజులో వేరే ఇల్లు లేస్తుంది. ఇలాంటి ఇళ్ళు రెండు వందలకు పైనే ఉన్నాయట.

"అంటే బెల్లం పాకం లెక్కనే కదా" అన్నాను. "తీగ పాకానికి దించితే అరిసె, ఇంకో నిమిషం ఉంచితే గట్టి ఉండ."

జహీరా నన్ను వాటేసుకుంది. "గిది నాకు రెండేళ్ళు చదివితే అర్థమైంది అక్కా!"

రాజమల్లుకు ఆవిరి తగ్గించమని చెప్పాను. తప్పు నాదేనని మాత్రం ఈ పుస్తకంలోనే రాస్తున్నాను, అతనికి చెప్పలేదు.


దిగుడు 68వ రోజు, రెండో షిఫ్టు

రెండో గంజు. బొగ్గు బూడిద వద్దంది జహీరా, అందులో చెత్త ఎక్కువట. సిలికా కోసం వడ్ల ఊక కాల్చి ఆ బూడిద తీసుకున్నాం. ఊకలో అంత సిలికా ఉందని నాకేం తెలుసు, పొయ్యిలో వేసి పారబోసేదాన్ని! అల్యూమినియం కోసం క్యాంటీన్‌లోని పాత సత్తు గిన్నెలు. కాస్టిక్ నీళ్ళలో వేస్తే గిన్నె బుసబుసమని నురగలు కక్కుతూ కరిగిపోయింది. నేను పెళ్ళికి ముందు నుంచి వాడిన గిన్నె. అయినా చప్పట్లు కొట్టింది నేనే.

ఈసారి మామూలు గంజు, మామూలు మూత. వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, తొంభై ఐదు డిగ్రీలు, పది గంటలు. గంజు క్యాంటీన్ పొయ్యి పక్కనే. అత్తమ్మ కూడా తన యంత్రంతో రోజంతా అక్కడే కూర్చుని చింతపండు గింజలు తీస్తుంది. వడ్డించి వచ్చినప్పుడల్లా అడుగంటకుండా తిప్పాను.

పొడి తెల్లగా, ముద్దుగా వచ్చింది. అరచేతిలో వేడి కూడా తగిలింది! కేకేశాను. జహీరా పరుగెత్తుకొచ్చింది. గీతలు చూసి, "దగ్గరకొచ్చినం, గానీ ఇది ఎ రకం. కిటికీలు చిన్నయ్, నత్రజని సరిగ్గా పట్టది" అంది.

కారణం గంజు అడుగునే దొరికింది. ఊక బూడిద సగం కరగకుండా ఇసుకలా మిగిలింది. రాజమల్లు ఊకను బాయిలర్ మంటలో భగభగ కాల్చాడు, బూడిద తెల్లగా మెరుస్తూ వచ్చింది. అంత మంటలో కాలితే సిలికా గట్టిపడి కరగదట. నీళ్ళలో సిలికా తగ్గి, అల్యూమినియం పాలు ఎక్కువై, ఎ తయారైంది.

"ఊకను మంటల ఎందుకు కాలుస్తరు? కుప్ప పోసి, మీద మట్టి కప్పి, లోపల్లోపల రాజుకోనియ్యాలె" అన్నాను. మా అమ్మ ఇటుక బట్టీలో పనిచేసింది, ఆ సంగతి నాకు తెలుసు.

"గంత తెలిస్తే ముందే చెప్పాలె గదా!" అన్నాడు రాజమల్లు.

"నన్నెవరడిగిండ్రు?"

అత్తమ్మ నవ్వింది. నవ్వు సగంలో దగ్గు వచ్చింది. "వానికి... బాయిలర్ తప్ప... ఏమొస్తది" అంది. మూడు మాటలు కూడా ఒక్కోసారే అందుతున్నాయి.


దిగుడు 72వ రోజు, రెండో షిఫ్టు

మూడో గంజు. మెత్తటి నల్లబూడిద, మట్టి కింద రెండు రోజులు రాజుకున్నది. కాస్టిక్ నీళ్ళలో ఇట్టే కరిగింది. సత్తు గిన్నెలు రెండు. రెండు నీళ్ళనూ కలపగానే గడ్డపెరుగులా పేరుకుంది. నాకు ఎంత ఆశ పుట్టిందంటే, ఆ రోజు పప్పులో ఉప్పు మర్చిపోయాను.

మా క్యాంటీన్ రివాజు ఒకటి ఇక్కడ రాయాలి. మొదటిసారి దిగిన ఏడాది బియ్యం సరిపోక, ఎవరు తిన్నారు ఎవరు వండారని తగవులయ్యాయట. అప్పటి నుంచి, ఎవరి కోసం గంజు పెట్టామో వాళ్ళు వచ్చి ఒక్కసారైనా గంటె తిప్పాలి. దారిన పోయేవాళ్ళు కూడా తిప్పిపోతారు. తిప్పకుండా దాటిపోతే, నీ వంట మాకక్కర్లేదు అన్నట్టు. అందరూ వస్తున్నారు, ఓదెవ్వ రాయి ఎంతవరకొచ్చిందని అడుగుతున్నారు. ఇన్నేళ్ళలో నా సాంబారు గురించి ఇంతమంది అడగలేదు.

గీతలు వచ్చాయి. జహీరా మొహం మాడింది. ఎక్స్ కాదు, ఎ కాదు, పి అట. కిటికీలు వంకరగా, నలిగినట్టుంటాయట. ఇంత శ్రమ చేస్తే పి!


దిగుడు 76వ రోజు, ఒకటో షిఫ్టు

నాలుగో గంజు కూడా పి.

ఈసారి కలిపిన గడ్డను వెంటనే వేడి చేయలేదు. జహీరా చెప్పినట్టు మూడు షిఫ్టులు చల్లగా ఉంచి నాననిచ్చాను. ఆ నానుడులోనే కంటికి కనపడని మొలకలు పుడతాయట, దోసె పిండి పులవనిచ్చినట్టు. తర్వాత తొంభై ఐదు డిగ్రీలు, పది గంటలు. గంట గంటకీ చూసుకున్నాను, తిప్పాను. ఏం లాభం?

కోపం ఆగలేదు. గీతల పెట్టె చెడిపోయిందన్నాను. బాయిలర్ మీద నిద్రపోయావని రాజమల్లును అన్నాను. జహీరా లేచి వెళ్ళింది. తన గదిలోంచి చిన్న స్టీలు గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగో గంజు గడ్డ వేడికి ఎక్కించే ముందే ఒక గ్లాసెడు తీసుకుపోయి, మూత బిగించి, తన గదిలో అదే వేడిలో అన్నే గంటలు ఉంచిందట.

"దీని గీతలు చూడు అక్కా."

చూశాను. పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూశాను. ఎక్స్! అచ్చంగా ఎక్స్! చెంచాడు పొడి. అరచేతిలో నీటిచుక్క వేస్తే చుర్రుమని కాలింది, నేను ఎగిరి గంతేశాను. నలభై ఆరేళ్ళ దాన్ని, క్యాంటీన్ మధ్యలో గంతులు.

తర్వాత బుర్ర తిరిగింది. అదే గడ్డ. అదే వేడి. అదే పది గంటలు. జహీరా గ్లాసులో ఎక్స్, నా గంజులో పి. యంత్రానికి మూడు కిలోలు కావాలి, చెంచా చొప్పున వండితే మరో దిగుడు వస్తుంది. గంజులోనే రావాలి.

"అంటే నా చేతిలనే లోపమా?" అన్నాను. జహీరా తల అడ్డంగా ఊపింది.

సత్తు గిన్నెలు ఇంకో గంజుకే ఉన్నాయి. అవి అయిపోతే అత్తమ్మ పెద్ద టీ గిన్నె ఒక్కటే మిగులుతుంది.


దిగుడు 79వ రోజు, ఒకటో షిఫ్టు

ఐదో గంజు తొట్టిలో ఉంది, ఆరో గంట నడుస్తోంది. దినుసులన్నీ నాలుగో గంజులో వేసినట్టే. ఈసారి ప్రతి పాలూ రెండుసార్లు తూచాను.

ఇవాళ జరిగింది రాయకుండా ఉండలేను. వడ్డించి తొందరగా వచ్చాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అత్తమ్మ గంజు దగ్గర నిలబడి ఉంది. ముక్కు గొట్టం సాగదీసుకుని, ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకుని, ఇంకో చేత్తో మూత తీసి గంటె తిప్పుతోంది. అడుగు నుంచి గీకి మరీ, నిదానంగా తిప్పుతోంది. నాలుగు చుట్లు తిప్పి ఊపిరి కోసం ఆగింది. మళ్ళీ నాలుగు.

"అత్తా! నిన్నెవరు లేవమన్నరు?"

"నా కోసం... పెట్టిన గంజు... తిప్పకపోతే... ఎట్లనే?" అంది. "రోజంతా... కూసోని... గాలి తాగుతున్న. గిదన్న... చెయ్యనియ్యి."

ఊపిరికి రెండు మాటలు. పక్కన నిలబడి నడుం పట్టుకున్నాను, ఆమె తిప్పింది. రెండో గంజు నుంచీ ఇలాగే తిప్పిందట, నేను వడ్డనకు పోయినప్పుడల్లా. మొదటి గంజుకు మూత రాలేదని ఇప్పటికీ బాధపడుతోంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా గంజులో ఆమె గంటె పెట్టినప్పుడల్లా ఒళ్ళు మండేది నాకు. ఇవాళ మొదటిసారి కళ్ళు తుడుచుకున్నాను.


దిగుడు 80వ రోజు, ఒకటో షిఫ్టు

ఐదో గంజు కూడా పి.

జహీరా నా పుస్తకం తీసుకుని మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టింది. నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాను. నిన్నటి పేజీకి వచ్చేసరికి "అల్లా!" అని ఒక్క అరుపు అరిచింది. నా చేతిలో కత్తి కింద పడింది.

"అక్కా, గంజు తొట్టిల ఉన్నప్పుడు తిప్పుతున్నరా?"

"తిప్పకుంటె అడుగంటది గదా."

"ఎన్నిసార్లు?"

"నేను గంటకోసారి. అత్తమ్మ ఇంకొన్నిసార్లు."

జహీరా నెత్తి కొట్టుకుంది. "తిప్పొద్దు అక్కా! కలిపేటప్పుడు తిప్పాలె. వేడి మీదికెక్కినంక ముట్టొద్దు! కదలకుండ ఉంటేనే ఎక్స్ మొలకలు నిమ్మళంగ పెరుగుతయ్. తిప్పితే పి మొలకలు గంజంత పాకి, ఉన్న సరుకంతా అవే తినేస్తయ్. నా గ్లాసును ఎవ్వరూ తిప్పలే, గందుకే వచ్చింది!"

"మరి మొదటి రోజే తిప్పొద్దని ఎందుకు చెప్పలే?"

"తిప్పుతరని నాకేమెర్క! మా గదిల మూత పెట్టినంక ఎవరన్న తీస్తరా?"

"మా దగ్గర మూత పెట్టినంక తియ్యనోళ్ళెవరు?"

అప్పుడు పక్క నుంచి చిన్నగా చప్పుడైంది. అత్తమ్మ అంతా వింది. చేతిలోని చింతపండు ఒళ్ళో పడిపోయింది.

"నా... చేత్తోనే..." అంది. అంతకంటే రాలేదు.

రాజమల్లే ముందుకొచ్చాడు. "అవ్వా, నేను గూడ తిప్పిన. షిఫ్టు దిగినప్పుడల్లా రెండు చుట్లు" అన్నాడు. భోజనం లైన్‌లో నిలబడ్డవాళ్ళలో ఎవరో "నేను గూడ" అన్నారు. ఇంకొకరు, ఇంకొకరు. డాక్టరమ్మ కూడా ప్లేటు పట్టుకుని, సిగ్గుపడుతూ చెయ్యెత్తింది! ఓదెవ్వ బతకాలని ఒక్కో చుట్టు తిప్పిపోయారు అందరూ. లెక్కపెడితే రోజుకు రెండు వందల చుట్లు దాటాయి. ఆ గంజులో పి కాకపోతే ఇంకేమొస్తుంది!

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఏడుపూ వస్తోంది, నవ్వూ ఆగడం లేదు. రాజమల్లుకూ జహీరాకూ అందరి ముందే క్షమాపణ చెప్పాను. బాయిలర్ బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది, నా చెయ్యి కూడా బాగానే ఉంది. దొరికింది! తప్పెక్కడుందో దొరికింది!

నవ్వు తగ్గేసరికి అత్తమ్మ తన టీ గిన్నె కడిగి నా వైపు చాపుతోంది.


దిగుడు 82వ రోజు, రెండో షిఫ్టు

ఆరో గంజు. ఏడోది లేదు, సత్తు లేదు.

నిన్న ఒకటో షిఫ్టులో గడ్డ కలిపాం. గంటె అత్తమ్మకే ఇచ్చాను. "ఇగ తిప్పు అత్తా, ఎంతసేపన్న తిప్పు. ఇప్పుడే తిప్పాలె" అన్నాను. ఆరు చుట్లు తిప్పి ఆయాసపడితే రాజమల్లు అందుకున్నాడు, తర్వాత లైన్‌లో ఉన్నవాళ్ళంతా. నలభై నిమిషాలు గంటె ఆగలేదు. జహీరా గ్లాసులోని ఎక్స్ పొడి చిటికెడు వేసింది, పాలలో తోడు వేసినట్టు. మూడు షిఫ్టులు నానింది.

ఇవాళ పొద్దున తొట్టిలో దింపి మూతకు నాలుగు వైపులా తాడు కట్టాను. గంటె మాత్రం అక్కడ ఉంచలేదు, అత్తమ్మ ఒళ్ళో పెట్టాను. "ఎవ్వరు దగ్గరకొచ్చినా నీదే పూచీ" అన్నాను.

ఆ తర్వాత చూడాలి మా అత్తమ్మను! పది గంటలు కుర్చీ దిగలేదు. ఎవరైనా అలవాటుకొద్దీ మూత మీద చెయ్యి వేయబోతే గంటెతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది. డాక్టరమ్మకు రెండు తగిలాయి. నాకు కూడా ఒకటి. నేను వడ్డించి వచ్చి, తెలియకుండానే మూత దగ్గరికి చెయ్యి చాపాను. ఇరవై రెండేళ్ళ చెయ్యి కదా, అది నా మాట వింటుందా!

"పో... అవతలికి" అంది.


దిగుడు 83వ రోజు, ఒకటో షిఫ్టు

ఎక్స్!

తాడు విప్పి చూస్తే, పైన నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున తెల్లటి పొడి సమంగా పేరుకుని ఉంది. పసుపు కాగితం ఎర్రబడడం మానేదాకా కడిగాం. కొంచెం కాల్చి అరచేతిలో నీటిచుక్క వేశాను. కాలింది! బొబ్బ ఎక్కేలా కాలింది! ఎవరైనా అడిగితే చూపిద్దామని ఆ ఎర్రటి మచ్చకు వెన్న కూడా రాయలేదు.

జహీరా గీతలు చూసింది. పెట్టె మూసి, పుస్తకం మూసి, కింద కూర్చుని ఏడ్చింది. "ఒక్క గీత గూడ ఎక్కువ తక్కువ లేదు అక్కా" అంది తర్వాత.

తూచాం. మూడు కిలోల నూటయాభై గ్రాములు. బంకమట్టి కొంచెం కలిపి, పదిమందిమి కూర్చుని ఆవాలంత పూసలు చేస్తున్నాం. అత్తమ్మ పక్కనే కూర్చుని చేసిన పూసలను వేళ్ళతో చూస్తోంది. లావుగా ఉన్నవాటిని ఏరి నా వైపు విసురుతోంది. మాట్లాడడం మానేసింది. నిన్నటి నుంచి ఊపిరికి ఒక్క మాట కూడా కష్టమే. పూసలు కాలి చల్లారడానికి ఇంకా రెండు రోజులు.


దిగుడు 85వ రోజు, ఒకటో షిఫ్టు

యంత్రం గొట్టాలు విప్పి పాత పూసలు దులిపి కొత్త పూసలు నింపాం. ఆ కాసేపటికి ప్రసవాల గది సిలిండర్ ఒకటి అడిగి తెచ్చాం, గదిలోని బాలింతే పంపించింది. ఈసారి చెమ్మ దూరకుండా గాలి దారిలో ఇంకో డబ్బా నిండా రెండో గంజు ఎ పొడితో చేసిన పూసలు పెట్టింది జహీరా. నీళ్ళు పట్టడానికి ఆ చిన్న కిటికీలే బాగుంటాయట. చెడిపోయిందనుకున్నది కూడా పనికొచ్చింది!

స్విచ్ వేశాం. టిక్కు టిక్కుమంటూ గొట్టాలు ఒకదాని తర్వాత ఒకటి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాయి. జహీరా ముల్లు చూస్తూ గట్టిగా చదివింది. "యాభై రెండు... అరవై... డెబ్బై నాలుగు..." రాజమల్లు వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి!"

అత్తమ్మ కళ్ళు మూసుకుని ఉంది. పెదవుల నీలం తగ్గుతోంది. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. నేను ముల్లు వైపు చూడలేదు, ఆ నోటి వైపే చూస్తున్నాను. ఒక్క మాట అత్తా, ఒక్కటి చాలు అనుకుంటున్నాను.

ఆమె కళ్ళు తెరిచింది. నన్ను పైనుంచి కిందికి చూసింది. గట్టిగా గాలి పీల్చుకుంది.

"ఏమే లసుమా, నాకు మాట్లాడస్తలేదని నెల రోజులసంది ఉప్పులేని పప్పు పెట్టుకుంట, ఉడకని శనగలు పెట్టుకుంట, పైంగ రాయి వండిన అని గనంతా చెప్పుకుంట తిరుగుతున్నవ్, నా టీ గిన్నె ఎప్పుడు తెచ్చిస్తవో ముందుగాల గది చెప్పు!"

ఒక్క ఊపిరి. ఎక్కడా ఆగలేదు. ఏడుస్తూనే వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఇరవై ఏడు మాటలు! రాజమల్లు కూడా లెక్కపెట్టాడట, ఇరవై ఆరే అంటాడు. ఇద్దరం అక్కడే పోట్లాడుకున్నాం. చివరికి అత్తమ్మనే మళ్ళీ చెప్పమన్నాం.

చెప్పింది, ఈసారి ఇంకో ఎనిమిది కలిపి.